అంబులెన్స్ రెస్పాన్స్ టైమ్: గడియారం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది?

మీరు అడిగింది ఇది: మీ దగ్గరి అంబులెన్స్ సర్వీసు సగటున 9 నిమిషాల్లో చేరుకుంటున్నామని చెబుతోంది, మీ నాన్నగారికి ఫిట్స్ వచ్చిన రోజున మాత్రం పావుగంట దాటింది, అంటే వాళ్లు చెప్పేది అబద్ధమా అని.

నేను ఆరేళ్లు ఒక అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను. మొదట్లో కాల్స్ తీసుకునేదాన్ని, తర్వాత నెలవారీ రిపోర్టులు తయారుచేసేదాన్ని. అబద్ధం కాకపోవచ్చండి. మీరు చూసిన గడియారం, వాళ్లు చూసిన గడియారం వేరు.

మీది ఫోన్ చేతిలోకి తీసుకోగానే మొదలైంది. వాళ్లది కొన్నిచోట్ల కాల్ ఎత్తగానే మొదలవుతుంది, కొన్నిచోట్ల అడ్రస్ తీసుకున్నాక, ఇంకొన్నిచోట్ల కేసు బండికి అప్పగించాక. ఆ తేడా చిన్నదేమీ కాదు. కంగారులో ఉన్న మనిషికి సొంత ఇంటి నంబరే గుర్తురాదు. ఒకావిడ "త్వరగా రండి, త్వరగా రండి" అని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయింది. పక్కనున్న పిల్లాడికి ఫోన్ ఇవ్వమని, వాడి చేత వీధి పేరు చెప్పించుకునేసరికి రెండు నిమిషాలు పైనే పట్టింది. నెలాఖరు రిపోర్టులో ఆ రెండు నిమిషాలు ఎక్కడా లేవు. మా దగ్గర గడియారం బండికి కేసు వెళ్లినప్పుడే మొదలయ్యేది మరి.

ఆగే చోటు ఇంకా ముఖ్యం. బండి ఇంటి ముందు ఆగగానే సిబ్బంది ఒక బటన్ నొక్కుతారు, అక్కడితో లెక్క ముగుస్తుంది. ఒక రాత్రి నాలుగో అంతస్తు నుంచి కాల్ వచ్చింది. 7 నిమిషాలకల్లా నా స్క్రీన్ మీద "చేరింది" అని పడింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. కింద గేటుకు తాళం. వాచ్‌మన్ వచ్చి తీశాక చూస్తే లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. బ్యాగు, ఆక్సిజన్ సిలిండర్ మోసుకుంటూ మెట్లెక్కారు. పేషెంట్ దగ్గరున్నామని రేడియోలో చెప్పేసరికి 12 నిమిషాలు. రిపోర్టులో 7 అనే వేశాను, ఎందుకంటే రెండో సమయం రాసుకోవడానికి మాకు గడి లేదు. "పేషెంట్ దగ్గరికి చేరాం" అని ఇంకో బటన్ పెట్టమని చాలాసార్లు అడిగాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే: పేషెంట్ మీద చెయ్యి పడిన క్షణమే లెక్కలోకి రావాలి. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం), గుండెకిచ్చే కరెంట్ షాక్ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం దాకా పడిపోతుంది. మెట్ల మీద గడిచిన 5 నిమిషాలంటే ఏమిటో దీన్నిబట్టి మీరే చూడండి.

బటన్ విషయంలో సిబ్బందిని తప్పుపట్టలేను. కొందరు మలుపు దగ్గరే నొక్కేస్తారు, ఎందుకంటే దిగాక చేతులు ఖాళీగా ఉండవు. కొందరు పనిలో పడి మరిచిపోయి ఆస్పత్రికి వెళ్లాక నొక్కుతారు. జీపీఎస్‌తో పోల్చి చూసుకోవాలి.

ఇక సగటు. పది కాల్స్ అనుకోండి. ఎనిమిదింటికి బండి 5 నిమిషాల్లో వెళ్లింది, రెండింటికి 25 నిమిషాలు పట్టింది. సగటు సరిగ్గా 9. కానీ 9 నిమిషాలు ఎదురుచూసినవాళ్లు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు! అందుకే నూటికి 90 కాల్స్ ఎన్ని నిమిషాల్లోపు అందాయో అడగాలి. ఈ ఉదాహరణలో జవాబు 25 అవుతుంది. ఇంగ్లండ్‌లో 2017లో పద్ధతి మార్చినప్పుడు ప్రాణాపాయం ఉన్న కాల్స్‌కు రెండూ పెట్టారు: సగటు 7 నిమిషాలు, పదింట తొమ్మిది కాల్స్ 15 నిమిషాల్లోపు. అంతకుముందు అక్కడ 75 శాతం కాల్స్‌కు 8 నిమిషాలన్న గీత ఉండేది. బైక్ మీద ఒక్కరు ముందు వెళ్లినా గడియారం ఆగేది. పక్షవాతం వచ్చినవాళ్లకు కావలసింది ఆస్పత్రికి తీసుకెళ్లే బండి. బైక్ వచ్చినా వాళ్ల ఎదురుచూపు ఆగదు కదా. ఇప్పుడు అలాంటి కేసుల్లో పేషెంట్‌ను తీసుకెళ్లే బండి వచ్చేదాకా గడియారం నడుస్తుంది.

కాబట్టి మీ సర్వీసును గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసివ్వమనండి. 90 శాతం లెక్క అడగండి, ప్రాణాపాయం ఉన్న కాల్స్‌కు విడిగా, రాత్రికి విడిగా.

వీటికంటే ముందు ఇంకొకటి అడగాలి: రద్దయిన కాల్స్. బండి రాక, ఇంటివాళ్లే ఆటోలోనో కారులోనో పేషెంట్‌ను తీసుకెళ్లిపోతే మా దగ్గర అది "క్యాన్సిల్" అయి రెస్పాన్స్ టైమ్ లెక్కలోంచి పూర్తిగా తప్పుకునేది. అందరికంటే ఎక్కువసేపు ఎదురుచూసినవాళ్లు చాలామంది అందులోనే ఉండేవాళ్లు. నెలకు ఎన్ని క్యాన్సిల్ అయ్యాయి, కాల్ చేసిన ఎన్ని నిమిషాలకు అయ్యాయి అన్నది కంప్యూటర్‌లో ఉంటుంది. ఆ పట్టిక తప్పకుండా తీసుకోండి.