ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా జాజ్ సంగీతకారుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద నువ్వు రాస్తున్న పుస్తకం ముసాయిదా అక్షరం వదలకుండా చదివాను. చాలా కష్టపడ్డావు. అయితే విషయసూచిక దగ్గరే ఒక చిక్కు తెచ్చిపెట్టుకున్నావు. వాద్యకారుడు, గాయకుడు, నటుడు అని మూడు భాగాలు చేశావు. దాంతో మొదటి భాగంలో పుట్టి చనిపోయిన మనిషి రెండో భాగంలో మళ్లీ పుడుతున్నాడు, మూడో భాగంలో ఇంకోసారి. పాఠకుడికి ముగ్గురు మనుషులు దొరుకుతారు గానీ ఆర్మ్‌స్ట్రాంగ్ దొరకడు. ఆయన ఊదినా, పాడినా, తెర మీద కళ్లు తిప్పినా ఊపిరి ఒకటే, లయ ఒకటే. ఆ మూడు భాగాలూ చెరిపేసి కాలక్రమంలో రాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1928 జూన్ 28న షికాగోలో 'ఓకే' అనే రికార్డుల కంపెనీకి ఇచ్చిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' రికార్డు తీసుకో. మొత్తం మూడు నిమిషాల పైచిలుకు. నువ్వు దానికి 'గంధర్వనాదం' అని ఒక్క మాట ఇచ్చి ముందుకెళ్లిపోయావు. ఆ మాట ఎవరికైనా అతుకుతుంది, అందుకే ఇక్కడ దానితో పని జరగదు. ఆ రికార్డులో ఏం జరుగుతోందో చూడు. మొదలే ట్రంపెట్ ఒంటరిగా వస్తుంది, పక్కవాద్యం లేదు. తొలి నాలుగు స్వరాలు అడుగులు వేసినట్టు సమానంగా పడతాయి. డ్రమ్ లేకపోయినా వాటిలోనే తాళం వినబడుతుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా పైకెక్కి, అంచున ఒక క్షణం నిలిచి, మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. ఇదంతా పదిహేను సెకన్ల లోపే. తర్వాత పన్నెండేసి బార్ల ఆవృత్తాలు ఐదు. బార్ అంటే నాలుగు దెబ్బల తాళం ముక్క, ఆవృత్తం అంటే పాట ఒక చుట్టు. మొదటిది ట్రంపెట్ నడిపిస్తుంది. రెండోది ఫ్రెడ్ రాబిన్సన్ ట్రాంబోన్, దాని వెనక డ్రమ్ములు వాయించే జుట్టీ సింగిల్టన్ గుర్రపు డెక్కల్లా టకటకలాడిస్తాడు. మూడోదాంట్లో జిమ్మీ స్ట్రాంగ్ క్లారినెట్ మంద్రంలో ఒక ముక్క పలికిస్తే, ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేని అక్షరాలతో దానికి జవాబు పాడతాడు. నాలుగోది ఎర్ల్ హైన్స్ పియానో. ఐదోదాంట్లో ట్రంపెట్ ఒక్క స్వరాన్ని పట్టుకుని దాదాపు నాలుగు బార్లు అలాగే నిలబెట్టి, ఆ తర్వాత గానీ వదలదు.

ఆ మూడో ఆవృత్తాన్నే పదిసార్లు విను. క్లారినెట్ చెప్పినదాన్ని గొంతు ఎక్కడ అందుకుంటోంది, ఎంతసేపు ఆగి అందుకుంటోంది, చివర ఎలా జారవిడుస్తోంది గమనించు. తర్వాత ఐదో ఆవృత్తం విను. అందుకోవడం, ఆగడం, జారవిడవడం అన్నీ అవే. గొంతు చేసిన పనే ట్రంపెట్ చేస్తోంది. పుస్తకం మొత్తాన్ని నిలబెట్టే రుజువు నీకు ఆ రికార్డులోనే ఉంది.

వినడానికి ఒక పద్ధతి పెట్టుకో. ఒక్కో రికార్డుకి ఒక్కో కాగితం. మొదటిసారి కలం ముట్టుకోకుండా విను. రెండోసారి ఎవరెవరు ఎప్పుడు వస్తున్నారో నిమిషాలు, సెకన్లు రాసుకో. మూడోసారి ట్రంపెట్ ఒక్కదాన్నే పట్టుకో, నాలుగోసారి గొంతు, ఐదోసారి వెనకున్నవాళ్లు. పుస్తకానికి తొమ్మిది పది రికార్డులు చాలు. నువ్వు నలభై పేర్లు పెట్టావు, ఒక్కదాని చప్పుడూ పాఠకుడి చెవిన పడలేదు.

పదాల దగ్గరా జాగ్రత్త కావాలి. జాజ్‌వాళ్లు పాట ఒక చుట్టు తిరగడాన్ని కోరస్ అంటారు. తెలుగులో కోరస్ అంటే బృందగానం. నువ్వు 'ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు కోరస్‌లు ఊదాడు' అని రాస్తే చదివేవాడు పదిమంది కలిసి పాడారనుకుంటాడు. ఆవృత్తం అను, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో విప్పి చెప్పు. ట్రంపెట్‌ని 'తూర్యం' చేయకు. ప్రతి పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళంవాళ్లు ఊదే వాద్యానికి సంస్కృతం పేరు పెడితే పాఠకుడికి దూరమైపోతుంది. ఇంకో తప్పు: 1923 నాటి రికార్డుల్లోనూ ట్రంపెట్ అని రాశావు. అప్పుడాయన ఊదింది కార్నెట్. శ్రుతి అదే, గొట్టం మలుపు పొట్టిగా ఉంటుంది, నాదం కాస్త మెత్తన. ట్రంపెట్‌కి మారింది 1920ల నడుమ.

మాటల్లేని అక్షరాలతో పాడే స్కాట్ గానాన్ని స్వరకల్పనతో పోల్చావు. ఆలోచన మంచిదే, పోలిక మాత్రం కుదరదు. స్వరకల్పనలో 'గ' అంటే గాంధారమే పలకాలి, అక్షరం స్వరానికి పేరు. స్కాట్‌లో అక్షరానికి ఆ కట్టుబాటు లేదు. వాద్యం చేసే చప్పుడుని నోరు పలుకుతుంది, అంతే. మృదంగం జతుల్ని నోటితో చెప్పే కొన్నకోలు దీనికి దగ్గర. కాకపోతే కొన్నకోలుకి రాగం ఉండదు, స్కాట్‌కి ఉంటుంది. ఈ రెండు వాక్యాలూ రాస్తే మన పాఠకుడికి చక్కగా అందుతుంది.

'హీబీ జీబీస్' కథని యథాతథంగా వాడుకున్నావు. 1926 ఫిబ్రవరి 26న రికార్డింగ్ మధ్యలో పాట కాగితం జారిపడిందని, అప్పటికప్పుడు స్కాట్ పుట్టిందని. కాగితం కథ ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా చెప్పిందే, కాబట్టి పుస్తకంలో ఉండాలి, 'ఆయన ఇలా చెప్పేవాడు' అన్న రూపంలో. స్కాట్ మాత్రం అక్కడ పుట్టలేదు. క్లిఫ్ ఎడ్వర్డ్స్ లాంటివాళ్లు అంతకుముందే రికార్డుల్లో అలా పాడారు. పైగా రికార్డు విను: ముందు మాటలు పాడతాడు, తర్వాత మాటలు వదిలి అక్షరాల్లోకి వెళతాడు, చివరికి మళ్లీ మాటల్లోకి వస్తాడు. కంగారుపడ్డవాడి గొంతు అది కాదు.

పుట్టినరోజు విషయంలోనూ అంతే. తాను 1900 జూలై 4న పుట్టానని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. 1980లలో న్యూ ఆర్లీన్స్ చర్చి రికార్డులో దొరికిన బాప్తిస్మం నమోదు ప్రకారం అసలు తేదీ 1901 ఆగస్టు 4. నువ్వు తేదీ సరిగానే రాశావు, కానీ వయసులు పాత పుస్తకాల్లోంచి ఎత్తుకున్నావు. అందుకే నీ లెక్కలన్నీ ఏడాది ఎక్కువ చూపిస్తున్నాయి. ప్రతి వయసూ మళ్లీ లెక్కకట్టు.

1923 ఏప్రిల్‌లో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీకి చేసిన రికార్డుల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ 'బెరుకుగా' ఊదాడని రాశావు. అది బెరుకు కాదు, దూరం. అప్పటికింకా మైక్రోఫోన్లు రాలేదు. గోడలోంచి బయటికొచ్చిన పెద్ద గరాటు ముందు అందరూ నిలబడి వాయించాలి. ఎవరి చప్పుడు ఎంత పెద్దదైతే వాళ్లు అంత వెనక్కి. గురువు కింగ్ ఆలివర్ పక్కన నిలబెడితే శిష్యుడి నాదం ఆయన్ని మింగేస్తోందని, అందుకే ఆర్మ్‌స్ట్రాంగ్‌ని బాగా వెనక నిలబెట్టారని పియానో వాయించిన లిల్ హార్డిన్ చెప్పింది. ఆమే మరుసటి ఏడు ఆయన్ని పెళ్లి చేసుకుంది. పాత రికార్డుని విని మనిషి స్వభావం గురించి రాసేముందు అది ఎలా చేశారో తెలుసుకో.

ఇక పెదవి. ఈ భాగం నీ ముసాయిదాలో అసలే లేదు, పుస్తకానికి ఇరుసు అదే. సన్నాయిలో రెల్లు పీక అదురుతుంది. ట్రంపెట్‌లో ఆ పని పెదాలే చేయాలి. లోహపు మౌత్‌పీస్ అంచుకి పెదాల్ని ఆనించి అదిరిస్తే ఆ అదురే నాదమవుతుంది. పైస్థాయికి వెళ్లాలంటే పెదాలు బిగించి ఊపిరి వేగం పెంచాలి. బిగింపు చాలనప్పుడు మౌత్‌పీస్‌ని పెదవి మీదికి అదిమిపెడతారు. అప్పటికి స్వరం వస్తుంది, కానీ ఆ ఒత్తిడికి పెదవిలో రక్తం ఆడదు, కండ వాస్తుంది, రోజూ అదే అయితే చీలుతుంది. 1930ల మొదట్లో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రదర్శన చివర ఒకదాని వెంట ఒకటిగా హై సి అనే పైస్థాయి స్వరాలు గుప్పించేవాడు, రాత్రి తర్వాత రాత్రి. 1933లో లండన్‌లో పెదవి చీలింది. 1934లో పారిస్‌లో చాలాకాలం ఊదకుండా ఉన్నాడు. 1935లో అమెరికా తిరిగొచ్చాక కూడా కొన్ని నెలలు ట్రంపెట్ ముట్టలేదు. జో గ్లేజర్ ఆయనకి మేనేజరైంది ఆ ఏడాదే. దగ్గర్నుంచి తీసిన ఫొటోల్లో పైపెదవి మీది మచ్చ చూడు.

దీన్ని పుస్తకంలో కళ్లకు కట్టాలంటే మీ ఊళ్లో బ్యాండు మేళం ట్రంపెట్ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లు. ఊరేగింపు మొదలయ్యేముందు ఒకసారి, ముగిశాక ఒకసారి ఆయన పెదవి చూడు. మౌత్‌పీస్ అడిగి తీసుకుని నువ్వూ పెదాలు అదిరించి చూడు. ఐదు నిమిషాలకి మూతి తిమ్మిరెక్కుతుంది. ఆ తర్వాత ఈ అధ్యాయం రాయి.

పెదవి సంగతి తెలిస్తే పాట ఎందుకు పెరిగిందో కూడా అర్థమవుతుంది. ఆయన పాటలకి ఒక అమరిక ఉంది: ముందు ట్రంపెట్ మీద వరస, నడుమ గొంతు, చివర మళ్లీ ట్రంపెట్. నడుమ పాడినంతసేపూ పెదవికి విశ్రాంతి, అందువల్ల చివరి ఆవృత్తానికి బలం మిగులుతుంది. 1947లో ఆరుగురితో మొదలైన ఆల్ స్టార్స్ బృందం ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి వాయించగలగడంలో ఈ అమరికకి పెద్ద పాత్ర ఉంది. ఆయన పాట పెదవిని కాపాడుకోవడానికి పుట్టిందని మాత్రం రాయకు. 1931 నవంబరులో చేసిన 'స్టార్‌డస్ట్' వింటే ఆ మాట నిలవదు. ఎగుడుదిగుళ్లున్న వరసని తీసుకుని దాదాపు ఒకే స్వరం మీద పాడుకుంటూ పోతాడు. మాటల్ని తాళానికి వెనక్కీ ముందుకీ జరుపుతాడు. పెదవి చీలడానికి రెండేళ్ల ముందు సంగతి అది.

నటన గురించి రాస్తూ ఆయన్ని 'అమెరికా నాగయ్య' అన్నావు. తీసేయ్. నాగయ్య గారు పోతన అయ్యారు, త్యాగయ్య అయ్యారు, ఆ పాత్ర గొంతుతో పాడారు. ఆర్మ్‌స్ట్రాంగ్ చాలా సినిమాల్లో ఆర్మ్‌స్ట్రాంగ్‌గానే వస్తాడు. మన నాటకంలోంచి పోలిక కావాలంటే సూత్రధారుడు సరిపోతాడు. 1956 నాటి 'హై సొసైటీ' మొదట్లో బస్సులో తన బృందంతో కూర్చుని కథ ఏమిటో పాడి చెబుతాడు, చివర కథ ముగిసిందని కూడా తనే చెబుతాడు. 1961 నాటి 'పారిస్ బ్లూస్'లో, 1966 నాటి 'ఎ మ్యాన్ కాల్డ్ ఆడమ్'లో పాత్రలకి వేరే పేర్లున్నాయి. రెండోదాంట్లో కాలం వెనక వదిలేసిన ముసలి ట్రంపెట్ వాద్యకారుడు. నవ్వు పక్కనపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్‌ని చూడాలంటే అందులో చూడు.

అన్నిటికన్నా కష్టమైన పేరా 1932 నాటి చిన్న సినిమా 'ఎ రాప్సడీ ఇన్ బ్లాక్ అండ్ బ్లూ' గురించి. ఒంటి మీద చిరుతపులి తోలు, కాళ్ల చుట్టూ సబ్బు నురగ. నల్లవాళ్లని అడవి మనుషులుగా చూపించి నవ్వుకునే వేషం అది. ఆ నురగలో నిలబడే ఆయన ట్రంపెట్ ఎత్తుతాడు, ఆ క్షణంలో వేషం కట్టించినవాళ్లు చిన్నబోతారు. నువ్వు వేషాన్ని ఒక పేజీలో, వాద్యాన్ని మరో పేజీలో పెట్టావు. రెండూ ఒకే పేరాలో ఉండాలి, చూసేవాడికి రెండూ ఒకేసారి తగిలాయి కాబట్టి. తెల్లవాళ్ల ముందు నవ్వుతూ ఒదిగిపోయాడని తర్వాతి తరం ఆయన్ని తప్పుపట్టింది. అలా అన్నవాళ్లలో ఒకడైన ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ తన ఆత్మకథలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. జాతి వివక్ష తన సంతోషాన్ని లాక్కోవడానికి ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకోలేదని, ఆ నవ్వుకి అర్థం అదేనని రాశాడు. ఆ మాట పక్కనే 1957 సెప్టెంబరు పెట్టు. ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో నల్లపిల్లల్ని బడిలోకి రానివ్వకుండా గవర్నర్ సైనికుల్ని నిలబెట్టినప్పుడు, నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఒక కుర్ర విలేకరి ముందు ఆర్మ్‌స్ట్రాంగ్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ని పేరుపెట్టి దుయ్యబట్టాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కి వెళ్లాల్సిన పర్యటన మానుకున్నాడు. తన బతుకుతెరువుని పణంగా పెట్టి అన్న మాట అది.

పుస్తకాన్ని 'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్'తో మొదలుపెట్టకు. మనవాళ్లకి ఎక్కువ తెలిసిన పాట అదే, కానీ అందులో ఆయన ట్రంపెట్ లేదు. 1967లో చేసిన ఆ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లినా అమెరికాలో అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1987లో ఒక సినిమాలో వాడాక అక్కడా పేరొచ్చింది. అప్పటికి ఆయన పోయి పదహారేళ్లు. దానికి బదులు 1963 డిసెంబరులో రికార్డు చేసిన 'హలో, డాలీ!' మీద నాలుగు పేజీలు పెట్టు. 1964 మే 9న అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కి, పద్నాలుగు వారాలుగా అక్కడ పాతుకుపోయిన బీటిల్స్‌ని దించింది. ఆయనకి 62 ఏళ్లు. 1969లో అదే పేరుతో వచ్చిన సినిమాలో బార్బ్రా స్ట్రైసాండ్ పక్కన కాసేపు కనబడి పాడతాడు. ఆయన చివరి సినిమా అది. ఒకే పాటలో ఆయన గొంతూ ట్రంపెట్టూ ముఖమూ మూడూ దొరుకుతాయి. పేరు 'లూయీ' అని రాయాలా 'లూయిస్' అని రాయాలా అని అడిగావు కదా, జవాబు కూడా ఆ రికార్డులోనే ఉంది. తన పేరుని చివర 'స్' స్పష్టంగా వినబడేలా తనే పలుకుతాడు. లూయిస్ అనే రాయి.

మిగతా అధ్యాయాలు ఇప్పుడే ముట్టుకోకు. 'వెస్ట్ ఎండ్ బ్లూస్' పేరా ఒక్కటి తిరగరాసి పంపు, రెండువందల మాటలు దాటకుండా. ఒక్క విశేషణం కూడా వాడకు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు, ఎక్కడ ఆగారు, అదే రాయి. పియానో నెమ్మదించాక అందరూ కలిసి ముగించేచోట జుట్టీ కొట్టే ఆ చివరి 'టక్' కూడా అందులో వినబడాలి.

ఆశీస్సులతో,
అన్నయ్య