మీ ప్రశ్నలు, మా జవాబులు: వాగ్దానం పక్కనున్న వచనం

ప్రశ్న: డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో రాబోయే ఏడాదికి దేవుని మాటగా మా కుటుంబం పేరున తీసిన వాగ్దాన కార్డులో బైబిలు వచనం యిర్మీయా 29:11 వచ్చింది. ఈ ఏడు మా అబ్బాయికి ఉద్యోగం ఖాయమని అందరం సంతోషించాం. ఇంజినీరింగ్ పూర్తయి రెండేళ్లయింది, ఇంకా ఏ కబురూ లేదు. మీ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందని కొందరంటున్నారు. దేవుని మాట తప్పుతుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: తప్పదమ్మా. అయితే ఆ మాట ఎవరితో, ఏమని చెప్పాడో ముందు చూడాలి. కార్డు మీద 11వ వచనం ఒక్కటే పడుతుంది. దాని పైనున్న 10వ వచనంలో "డెబ్బై సంవత్సరాలు" అని ఉంది. అది కార్డుకెక్కదు.

ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెకొన్యా రాజుతో పాటు యెరూషలేము పెద్దలనూ చేతిపనివారినీ బబులోనుకు చెరపట్టుకుపోయాడు. యిర్మీయా ఆ ఉత్తరం రాసింది వాళ్లకే. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవుని పేరు పెట్టి చెప్పాడు. యిర్మీయా ముందు "ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక" అన్నాడు. అలా జరగాలని ఆయనకూ ఉంది. కానీ దేవుడు ఆ మాట చెప్పలేదు. ఉత్తరం అందుకున్న వాళ్లలో నలభై ఏళ్లు దాటినవారెవరూ తిరుగు ప్రయాణం చూసి ఉండరు. అయినా మీ కార్డు మీది 11వ వచనం, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని దేవుడు చెప్పింది వాళ్లతోనే. ఆ మాటకు ముందే వాళ్లకు పని కూడా చెప్పాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. వచనం తరువాత ఇంకో మాట ఉంది: పూర్ణమనస్సుతో వెదకితే నేను మీకు దొరుకుతాను.

అలాగని ఆ వచనం మీది కాదని అనను. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తునందు అవుననే ఉన్నాయని 2 కొరింథీ 1:20 చెబుతోంది. మీ బిడ్డ విషయంలో దేవుని మనసు మంచిదే, ఆయన ఉద్దేశంలో హాని లేదు. దాన్ని గట్టిగా పట్టుకోండి. పట్టుకోకూడనిది "ఈ సంవత్సరంలోగా" అన్న మాట. అది దేవుడు చెప్పింది కాదు, మనం కలుపుకున్నది. ఈ సంగతి అబ్బాయికి మీ నోటితోనే చెప్పండి. ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే: పెద్దవాళ్లు ఒక తేదీ అనుకుంటారు, ఆ తేదీ దాటిపోతుంది, దేవుడు అబద్ధమాడాడని పిల్లవాడు లోలోపల తీర్మానించుకుంటాడు.

ఇకపై ఏ వాగ్దానం చేతికొచ్చినా ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదివి నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకోండి. ఇది ఎవరికి చెప్పిన మాట? దీనికి షరతు ఏదైనా ఉందా? గడువు దేవుడు పెట్టాడా, మనం పెట్టామా? క్రొత్త నిబంధన దీన్ని మన దగ్గరకు ఏ రూపంలో తెస్తోంది? పావుగంట పని. నచ్చిన మాట రాలేదని రెండో కార్డు మాత్రం తీయకండి.

మీ అబ్బాయి కోసం అడగడానికి నేరుగా అందరికీ ఇచ్చిన వాగ్దానం యాకోబు 1:5: జ్ఞానం కొదువగా ఉన్నవాడు అడిగితే దేవుడు ధారాళంగా ఇస్తాడు. ఏ కోర్సు నేర్చుకోవాలి, ఇంటర్వ్యూలో ఎక్కడ తడబడుతున్నాడు, చదువుకు తగినది కాకపోయినా దొరికిన చిన్న ఉద్యోగంలో చేరాలా వద్దా, ఇలా పేరుపెట్టి అడగండి. చేరడం విశ్వాసం తగ్గడం కాదు. బబులోనులో తోట నాటినవాడు యెరూషలేమును మరిచిపోలేదు.

విశ్వాసలోపం అంటున్న వారికి దానియేలు 9వ అధ్యాయం చూపించండి. డెబ్బై ఏళ్ల లెక్క యిర్మీయా గ్రంథంలో చదివి తెలుసుకున్న దానియేలు, ఎలాగూ జరుగుతుందిలే అని కూర్చోలేదు. ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని ప్రార్థించాడు. వాగ్దానం తెలిసినవాడి ప్రార్థన అలా ఉంటుంది.

ప్రశ్న: నాకు ఎనిమిదేళ్లుగా షుగరు. ఉపవాస కూడికలో ప్రార్థన చేశాక, ఇంకా మాత్రలు వేసుకుంటే, ఆయన పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుతుందన్న యెషయా 53:5ను నమ్మనట్టే అంటున్నారు. మానేయాలా?
– ఒక సహోదరుడు, ఖమ్మం

జవాబు: మానకండి. హిజ్కియా సంగతి చూడండి (2 రాజులు 20). పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని, మూడో రోజుకు మందిరానికి వెళ్తావని దేవుడే చెప్పాడు. ఆ మాట తెచ్చిన యెషయాయే వెంటనే అంజూరపుపండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. దేవుడు నోరు తెరిచి మాట ఇచ్చిన చోటే మందు వాడారు. పౌలు తిమోతి కడుపుజబ్బుకు ఉపాయం చెప్పాడు (1 తిమోతి 5:23), రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). వీళ్లెవరినీ అవిశ్వాసులని ఆయన అనలేదు. యెషయా 53 స్వస్థత సిలువలో సంపాదించబడింది. దానిలో శరీరానికి రావలసినదంతా పునరుత్థానంలో పూర్తవుతుంది. ఈలోగా దేవుడు కొందరిని ఇప్పుడే బాగుచేస్తాడు, కొందరితో "నా కృప నీకు చాలును" అంటాడు. ఆ రెండూ ఆయన మాటలే.

అపవాది యేసుకు చూపించింది కూడా వాగ్దానమే. దేవదూతలు నిన్ను కాపాడుతారన్న 91వ కీర్తనలోని మాట చెప్పి, దేవాలయ శిఖరం నుండి దూకమన్నాడు. మత్తయి 4:6లో వాడు "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్క వదిలేశాడు. దూకడం దేవుడు చూపిన మార్గం కాదు. చేతిలో ఉన్న మందు పారేయడమూ అలాంటిదే.

ఆపితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. టైప్ 1 షుగరున్న వారు ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. మామూలు టీబీకి ఆరు నెలల మందు. చాలామందికి అంతకు ఎంతో ముందే నీరసం, దగ్గు తగ్గిపోతాయి, అక్కడ ఆపేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. మీలాంటి షుగరులో హాని నెమ్మదిగా, నొప్పి లేకుండా జరుగుతుంది. అందుకే బాగైపోయిందనిపిస్తుంది.

సంఘ పెద్దలను పిలిపించి యాకోబు 5:14 ప్రకారం నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోండి, మాత్రలూ వేసుకోండి. స్వస్థత వచ్చిందనుకుంటే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. అది దాదాపు మూడు నెలల షుగరు సగటు చెబుతుంది. డాక్టరు చూసి మోతాదు తగ్గిస్తే తగ్గించుకోండి, ఆ తరువాత సాక్ష్యం చెప్పండి. ఆ కాగితం చూపించి చెప్పిన సాక్ష్యానికి దేవుని మహిమ ఏమీ తగ్గదు.

ప్రశ్న: రెండు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. పదివేలు "విత్తన కానుక" వేస్తే దేవుడు నూరంతలు ఇచ్చి అప్పు తీరుస్తాడని టీవీలో విన్నాను. మళ్లీ అప్పు తెచ్చి వేయాలనుకుంటున్నాను. ఫిలిప్పీ 4:19 నమ్ముకున్నాను.
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: వేయకండమ్మా. లెక్క చూడండి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. ఇప్పటికే నెలకు 6,000 వడ్డీ కడుతున్నారు. ఈ పదివేలు దానికి నెలకు ఇంకో 300 కలుపుతుంది.

ఇక వాక్యం. నూరంతలు అన్న మాట మార్కు 10:30లో ఉంది. అది యేసు నిమిత్తం ఇల్లూ పొలాలూ విడిచినవారితో చెప్పినది, "హింసలతో పాటు" అని కూడా అక్కడే ఉంది. దశమభాగం పండిన పంటలోంచి ఇచ్చేది (ద్వితీయోపదేశకాండము 14:22). కోతకు రాని దానిలోంచి ఎవరూ ఇవ్వలేదు. కానుకను లేనిదానిని బట్టి కాక, కలిగినదానిని బట్టే దేవుడు అంగీకరిస్తాడని 2 కొరింథీ 8:12. ఫిలిప్పీ 4:19 రాసిన పౌలు అప్పుడు బంధకాలలో ఉన్నాడు. ఆకలిగొని ఉండటమూ నేర్చుకున్నానని కొద్దిగా పైనే, 12వ వచనంలో అన్నాడు. "మీ ప్రతి అవసరమును తీర్చును" అన్నది నిజం, దేవుడు మీ అవసరాన్ని ఎరుగును. ఆ మాట లాటరీ టికెట్టు కాదు.

మీ పరిస్థితికి సరిపోయే చోటు 2 రాజులు 4:1-7. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చినప్పుడు, ఆ విధవరాలిని ఎలీషా అడిగిన ప్రశ్న "నీ యింటిలో ఏమి ఉన్నది?" కానుక అడగలేదు. నూనె పెరిగాక ఆయన చెప్పిన వరుస గమనించండి: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగిన తరువాత కూడా అమ్మకం, చెల్లింపు ఆమె చేతులతోనే జరిగాయి.

ఈ రాత్రే ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద ఎవరికెంత, ఏ వడ్డీకి అన్నది రాయండి. దాచిన అప్పు ఏదైనా ఉంటే ఇప్పుడే బయటపెట్టండి, లెక్క తప్పేది అక్కడే. బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి మూడు రూపాయల అప్పు ముందు తీర్చండి. బ్యాంకు వడ్డీ సాధారణంగా దీనిలో సగం కూడా ఉండదు. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ అడగండి. కట్టినప్పుడల్లా రసీదో సంతకమో తీసుకోండి, అసలు తీరగానే ప్రామిసరీ నోటు వెనక్కి అడగండి. ఆదివారం కానుక మానవద్దు. చేతిలో ఉన్న యాభై రూపాయలు సంతోషంగా వేయండి.

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపనిలో ఉన్నాను. మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు, గుడికి పంపరు. దేవుడు తోడున్నాడని ఎలా నమ్మను?
– ఒక చెల్లెలు

జవాబు: తల్లీ, "యెహోవా యోసేపునకు తోడైయుండెను" అని ఆదికాండము 39లో పదేపదే ఉంది. అందులో ఒకసారి పోతీఫరు ఇంట్లో బానిసగా ఉన్నప్పుడు, మరొకసారి చెరసాలలో ఉన్నప్పుడు. తలుపు తెరుచుకోకముందే ఆ తోడు ఉంది. గుడికి వెళ్లలేకపోతే దేవుడు దూరమయ్యాడని అనుకోకు. రాత్రి పని ముగిశాక 121వ కీర్తన నెమ్మదిగా చదువుకో, ఎనిమిది వచనాలే.

ఆ యోసేపే పానదాయకుల అధిపతితో, ఫరోకు నా సంగతి చెప్పి నన్ను బయటికి రప్పించమని అడిగాడు (40:14). సహాయం అడగడం అవిశ్వాసం కాదు. అతడు రెండేళ్లు మరిచిపోయాడు, అందుకని నువ్వు ఒక్కరినే అడిగి ఊరుకోకు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం ఫోటోలు తీసి ఇంటికి పంపు. ఏ నెల జీతం అందలేదో తేదీలతో రాసి ఉంచు. కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయి. ఇక్కడ నీవాళ్లు కేంద్ర ప్రభుత్వపు మదద్ పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. ఎవరైనా కొడుతుంటే, తిండి పెట్టకపోతే ఈ వరుస చూడకు, వెంటనే రాయబార కార్యాలయానికి ఫోన్ చేయి.