అబ్బాయి పాత మస్టాంగ్ కోసం డిపాజిట్ తీసేయాలా?

ప్రశ్న: టీచరుగా రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. మా అబ్బాయి డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారు కొనాలని వాడికి ఎన్నాళ్లనుంచో ఆశ. అక్కడే ఒకటి తక్కువలో ఉందట, 12 లక్షలు సర్దమంటున్నాడు. ఏడాదిన్నర కిందట సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో అంతే వేశాను. మందులు, కరెంటు బిల్లు ఆ వడ్డీతోనే. తీసి పంపమంటారా?

జవాబు: తీయొద్దండి. మీకు 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 24,600 రూపాయలు వస్తోంది. ఇప్పుడు మూసేస్తే అసలులోనే ఒకటిన్నర శాతం, అంటే 18,000 కోస్తారు. పైగా ఒక ఆర్థిక సంవత్సరంలో ఇలా విదేశానికి పంపేది 10 లక్షలు దాటితే, దాటినదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే తీసుకునే పన్ను) పట్టుకుంటుంది. మీకది 40,000. రిటర్నులో చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ, అందాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

నన్ను ఇంకా ఎక్కువ భయపెడుతున్నది 'తక్కువలో ఉంది' అన్న మాట. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కారు అడుగున చేరి రేకును తినేస్తాయి. సముద్రం ఒడ్డున తిరిగిన బండికి పట్టే తుప్పు మనకు తెలిసిందే. రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు చెన్నై నుంచి పాత అంబాసిడర్ వచ్చింది. కొత్త పెయింటుతో నిగనిగలాడుతోంది. మేస్త్రి మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో ఒత్తితే చప్పుడు లేకుండా దిగిపోయింది. ఆ బొక్కలోంచి కింద నేల కనపడింది. అంబాసిడర్‌లాగే మస్టాంగ్‌కు కూడా లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే దాని వెన్నెముక. అడుగు పోతే వెల్డింగుకయ్యే ఖర్చు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే అక్కడ పాత కార్లు తెలిసినవాళ్లు అరిజోనా లాంటి ఎండ రాష్ట్రాల్లో వెతుకుతారు. ఎండకు రంగు వెలుస్తుంది, సీట్లు, డాష్‌బోర్డు పగులుతాయి. అవి మార్చుకోవచ్చు, రేకు మాత్రం గట్టిగా ఉంటుంది. ధర ఎక్కువైనా, రవాణా కట్టినా నా లెక్కలో అదే చవక. అయితే 'అరిజోనా కారు' అన్న మాట నమ్మి డబ్బు కట్టకూడదు. 1981కి ముందు కార్లకు ఇప్పటిలా 17 అక్షరాల గుర్తింపు నంబరు లేదు, కాబట్టి మామూలు ఆన్‌లైన్ హిస్టరీ రిపోర్టు దొరకదు. పాత సర్వీసు రసీదులు, రిజిస్ట్రేషన్ కాగితాలు అడగాలి.

చూడ్డానికి వెళ్లినప్పుడు అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచుల మీద, చక్రాల పైన ఆనించమనండి. పట్టకపోతే లోపల ఉన్నది పుట్టీ. ముందు అద్దం కింద గాలి జాలీ ఉంటుంది, అందులో ఒక మగ్గు నీళ్లు పోయించాలి. ఈ మోడల్‌కు అక్కడ తుప్పు మామూలే, ఉంటే నీళ్లు లోపల కాళ్ల దగ్గర కారతాయి. అడుగున కొత్తగా నల్ల పూత కనిపిస్తే దాని వెనక ఏముందో కూడా అడగాలి.

పిల్లోడి ముచ్చట కాదనమని నేను చెప్పను. వాడికి జీతముంది, కాస్త ఆగి కూడబెట్టుకోనివ్వండి, లేదా అక్కడే లోను తీసుకోనివ్వండి. మీ వంతుగా ఈ ఒక్కసారికి వచ్చే వడ్డీలోంచి వీలైనంత పంపండి. కొనేముందు కారును లిఫ్టు ఎక్కించి అడుగంతా చూసే మెకానిక్ ఫీజుకు అది వాడుకోమనండి.