కొత్త మెషీన్‌లో నీళ్లేవి?

ప్రశ్న: పాత టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ పోయి కొత్త మోడల్ కొన్నాం. మధ్యలో ఉండే స్తంభం లేదు, నీళ్లు బట్టలు తడిసేంతే వస్తాయి, మూత లాక్ అయిపోతుంది, ఎంతసేపటికీ అవదు, తీరా చూస్తే నల్ల ప్యాంటు మీద పౌడర్ చారలు! పాడైందంటారా?

జవాబు: పాడవలేదండీ, డిజైనే అంత. నీళ్లు ఆదా అవ్వాలని స్తంభం తీసేసి అడుగున పళ్లెం లాంటి ఇంపెల్లర్ పెట్టారు, ఇక బట్టలు ఒకదానికొకటి రాసుకునే మురికి వదలాలి కాబట్టి టైమ్ పడుతుంది (ఆదా నీళ్లకే, మన ఓపికకు కాదు). కుక్కితే అసలు తిరగవు. వదులుగా, డ్రమ్ అంచు చుట్టూ వేయండి. చారలు పోవాలంటే పౌడర్ మానేసి లిక్విడ్ కొద్దిగా వాడి, ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టండి. నీళ్లు ఎక్కువ నింపే డీప్ ఫిల్ లాంటి ఆప్షన్ ఉందేమో చూడండి. మూత మాత్రం పాజ్ నొక్కి, డ్రమ్ ఆగాకే తెరుచుకుంటుంది.