స్కాన్ చేసిన ఇంటి కాగితాలు ఫోన్‌లో తెరుచుకోకపోతే

బెంగళూరు మారతహళ్ళిలో జిరాక్స్ షాపులో అమ్మగారి ఇంటి దస్తావేజులు స్కాన్ చేయించాను, ఫోన్‌లో నొక్కితే 'ఈ ఫైల్ తెరవడం కుదరదు' అంటోంది అన్నారు కదా. టెన్షన్ పడకండి, కాగితాలు పోలేదు.

ముందు ఫైల్ పేరు మీద వేలు నొక్కి పట్టుకుని వివరాలు చూడండి. సైజు 0 కేబీ అని ఉంటే అది సరిగా దిగలేదు, మళ్ళీ పంపించుకోవాలి. సైజు బాగానే ఉండి, పేరు చివర చుక్క పక్కన టిఐఎఫ్ అని ఉంటే దొంగ దొరికినట్టే. అది టిఫ్ ఫైల్. 1986లో స్కానర్ల కోసం పుట్టిన పద్ధతి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల గ్యాలరీకి అది అర్థం కాదు. పేరు చివర పీడీఎఫ్ అని మార్చి చూస్తారేమో, దండగ. లోపలి సరుకు మారదు. నేనూ ఒకసారి ఆ తెలివి చూపించి, బ్యాంకులో క్యూలో నిలబడి తెల్లమొహం వేశాను.

ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి అక్కడే తెరవండి, మామూలుగా కనిపిస్తుంది. విండోస్ కంప్యూటర్ ఉంటే ఇంకా మంచిది: ఫైల్ తెరిచి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ల జాబితాలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకోండి. అన్ని పేజీలూ వచ్చాయో లేదో మాత్రం లెక్కపెట్టుకోండి.

పాస్‌వర్డ్ అడిగితే అది వేరే కథ. ఈ-ఆధార్ అయితే పేరులో మొదటి 4 ఇంగ్లీషు పెద్దక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం.

ఈసారి షాపులో '300 డీపీఐ, పీడీఎఫ్' అని ముందే చెప్పండి. డీపీఐ అంటే స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే కొలత.