ఆర్థికశాస్త్రం బోధించేవారు ఉచిత పథకాలను వ్యక్తిగతంగా సమర్థిస్తారా? ఆదివారం కూడా లెక్కలే వేస్తారా?

హైదరాబాదులో ఇరవై ఆరేళ్లుగా డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఆర్థికశాస్త్రం చెబుతున్నాను. ఈ ప్రశ్నలోని మొదటి సగాన్ని నన్ను తరగతి గదిలో కన్నా పెళ్లి భోజనాల దగ్గరా, అపార్టుమెంటు సంఘం సమావేశాల్లోనూ ఎక్కువగా అడుగుతుంటారు; అడిగేవారిలో చాలామంది ఉచితాలు రాష్ట్రాన్ని ముంచేస్తాయన్న మాట నా నోట వినాలని ముందే నిశ్చయించుకొని ఉంటారు. వారికి నేను నిరాశే మిగులుస్తాను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు అంబర్‌పేటలో రేషన్ దుకాణం ముందు సంచీ పట్టుకొని వరుసలో నిలబడ్డ పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఆ అన్నం తిని చదువుకున్నవాణ్ణి కనుక, పేదవాడికి సర్కారు ఏదైనా ఇవ్వడమే తప్పన్న వాదన ఎన్ని పుస్తకాల్లో చదివినా నాకు ఒంటబట్టలేదు.

అయితే ఒక పథకం మంచిదా కాదా అని తేల్చుకోవడానికి నాకు సొంత పద్ధతి ఒకటి ఉంది. దాని మొత్తం ఖర్చు ఎన్ని వేల కోట్లన్నది తరవాత చూస్తాను. అర్హులకూ అనర్హులకూ మధ్య గీత ఎక్కడ గీశారు, ఆ గీత దగ్గర మెట్టు ఎంత ఎత్తుగా ఉంది అన్నది ముందు చూస్తాను. ఈ అలవాటు నాకు పాఠ్యపుస్తకాల నుంచి కాక, మా భవనం కింది వాటాలో అద్దెకుంటూ దర్జీ పని చేసే ఒక ఇల్లాలి కరెంటు బిల్లు నుంచి వచ్చింది.

తెలంగాణలో గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం 2024 మార్చి నుంచి అమలవుతోంది. అర్హత ఉన్న రేషన్ కార్డు కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడుకుంటే బిల్లు సున్నా వస్తుంది. ఆ గీత దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే కాకుండా మొత్తం వాడకానికీ కట్టవలసి ఉంటుంది. ఆమె ఇంట్లో ఒక ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టె, మోటారు బిగించిన కుట్టుమిషను ఉన్నాయి. గత మే నెలలో ఆమె వాడకం 204 దగ్గర తేలింది. బిల్లు తీసుకొని పైకి వచ్చి, "సార్, నాలుగు యూనిట్లకు వెయ్యి రూపాయలా? మీటరు తప్పు తిరిగిందేమో కాస్త చూడండి" అన్నారు. మీటరు సరిగ్గానే తిరిగింది. 2022 నాటి ధరల పట్టిక ప్రకారం వాడకం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆపై వంద యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున పడుతుంది. ఆ లెక్కన 204 యూనిట్లకు, ఇతర చార్జీలు కలపకముందే, 1,050 రూపాయల 80 పైసలు అయింది. పథకంతో సంబంధం లేని ఇళ్లకు కూడా ఆ గీత దగ్గర ఒక మెట్టు ఉంది: 200 యూనిట్లు వాడితే 820 రూపాయలు, 201 వాడితే 1,027 రూపాయల 70 పైసలు. ఉచితం వచ్చాక పేద ఇంటికి ఆ మెట్టు కాస్తా గోడ అయింది.

దాని ఫలితం నేను కళ్లారా చూశాను. ఇప్పుడామె ప్రతి నెలా చివరి వారం మెట్ల కింది మీటరును చూసుకుంటూ గడుపుతారు. అంకె 190 దాటితే ఫ్రిజ్ కట్టేస్తారు. పీకో, ఫాల్ పనికి వచ్చిన చీరలను రీడింగ్ అయ్యేదాకా పక్కన పెడతారు. తొందరగా కావాలన్నవారిని పక్క వీధి దర్జీ దగ్గరికి పంపుతారు. కరెంటు మీద వెయ్యి మిగుల్చుకోవడానికి కుట్టుకూలి ఎంత వదులుకుంటున్నారో ఆమె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆదుకోవడానికి పెట్టిన పథకం నెలకు నాలుగైదు రోజులు ఆమె మిషను ఆపిస్తోందన్నది మాత్రం ఏ నివేదికకూ ఎక్కదు, ఎందుకంటే కాగితం మీద ఆమె 200 లోపు వాడుకున్న సంతృప్త లబ్ధిదారు.

ఈ చిక్కుకు మందు లేదనుకోవద్దు, మన పన్ను చట్టంలోనే ఉంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో కొత్త పద్ధతి కింద 12 లక్షల వార్షికాదాయం దాకా పన్ను లేకుండా చేశారు. ఎవరి ఆదాయమైనా 12 లక్షల 10 వేలు అయితే, మామూలు శ్లాబుల ప్రకారం అతడు 61,500 రూపాయలు కట్టాలి. పదివేలు ఎక్కువ సంపాదించిన పాపానికి అరవై వేలు పోవడం అన్యాయమని చట్టం గుర్తించి, మార్జినల్ రిలీఫ్ పేరిట, సెస్సు కాక, ఆ పదివేలకు మించి తీసుకోదు. నెలకు లక్ష సంపాదించేవాడి గీత దగ్గర ఏటవాలు దారి వేసిన రాజ్యం, జాకెట్లు కుట్టుకొనే మనిషి గీత దగ్గర ఆ పని ఎందుకు చేయలేదు? ఉచితాల మీద నాకున్న కోపమంతా ఇదే. తమిళనాడులో 2016 నుంచి గృహ వినియోగదారులందరికీ రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితంగా ఇస్తున్నారు. 101వ యూనిట్ వాడినంత మాత్రాన ఆ మొదటి వంద వెనక్కి పోదు. ఆ పద్ధతిలో బంగళాలో ఉన్నవాడికీ వంద యూనిట్లు దక్కుతాయన్న ఆక్షేపణ సరైనదే, ఖజానాకు అది బరువే. ఇచ్చే యూనిట్లు తగ్గించి అయినా సరే, ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోని పద్ధతినే నేను కోరుకుంటాను.

ఇదే కొలతతో చూస్తే 2023 డిసెంబర్ 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం నాకు నచ్చిన పథకం. ఇందులో ఆదాయపు గీత లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. ఆ టికెట్ల లెక్క మీద ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి కనుక ప్రయాణం ఉచితమైనా ధర ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంటుంది. మా వీధిలో రెండిళ్లలో పనిచేసే ఆమె ఇదివరకు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే పని వెతుక్కునేవారు. ఇప్పుడు తార్నాకలో జీతం ఎక్కువిచ్చే మరో ఇల్లు పట్టుకున్నారు, ఆ సంగతి తెలిశాక మా వీధివాళ్లం కూడా జీతం పెంచక తప్పలేదు. (మొదట సణిగినవారిలో నేనూ ఉన్నాను.) ఒక వీధి అనుభవాన్ని రాష్ట్రమంతటికీ అంటగట్టడం మా వృత్తిలో తప్పు కనుక దీన్ని రుజువుగా చెప్పడం లేదు, బస్సు చార్జీ వల్ల ఒక మనిషికి పని దొరికే ప్రాంతం ఎంత కుంచించుకుపోతుందో మాత్రం నాకు దీనితో అర్థమైంది. ఆటోవాళ్ల గిరాకీ తగ్గిన మాట నిజం. ఉప్పల్ నుంచి కోఠీకి వెళ్లే బస్సులో ఉదయం తొమ్మిదింటికి నేను ఒంటికాలి మీద నిలబడే మాటా నిజమే. టికెట్ ధర తీసేసినప్పుడు సీటు కోసం తోపులాటే ధర అవుతుంది, దాన్ని తగ్గించడానికి బస్సులు పెంచడం తప్ప మరో దారి లేదు.

నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి సంగతి కూడా అడుగుతుంటారు. మా అపార్టుమెంటులో అందరికీ కలిపి ఒకే మీటరు ఉంది కనుక ఎవరు ఎంత వాడారో ఎవరికీ తెలియదు, కారు పైపుతో కడిగేవారిని ఎవరూ ఆపలేరు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇక ప్రశ్నలోని రెండో సగం. సెలవు రోజున కూడా గీతలు నా వెంటే వస్తాయని ఒప్పుకుంటున్నాను. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు వంద రూపాయల లోపు సినిమా టికెట్ మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటినదాని మీద 18 శాతమే ఉండిపోయింది. వంద రూపాయల టికెట్ పన్నుతో 105, నూటొక్క రూపాయి టికెట్ 119 రూపాయల 18 పైసలు. అంటే తగ్గించే తొందరలో మెట్టును ఇంకా ఎత్తు చేశారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టికెట్ కోసం నిలబడి ఇది వివరిస్తుంటే మా శ్రీమతి సమోసాలు కొనుక్కురమ్మని పంపించారు.

ఒక్కచోట మాత్రం నేను లెక్క వేయను. ఆదివారం ఉదయం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉండగా ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికి ఏళ్లుగా వెళుతున్నాను. అక్కడ పుస్తకం మీద ధర ఉండదు. అమ్మేవాడు కొనేవాడి ముఖం, చెప్పులు, పుస్తకం పట్టుకొనే తీరు చూసి ధర చెబుతాడు. దీన్ని ధరల విచక్షణ అంటారని ప్రతి ఏడూ పాఠం చెప్పే నేను, పుస్తకం కనబడగానే రెండు చేతులతో పట్టుకొని దొరికిపోతాను. పోయిన నెల రెండో పంచవర్ష ప్రణాళిక సంపుటం ఒకటి, అట్ట ఊడిపోయింది, 1956 నుంచి 1961 దాకా దేశం ఎంత ఉక్కు చేయాలో రాసి ఉన్నది, 80 రూపాయలకు కొన్నాను. నా పక్కనున్న కుర్రవాడు అలాంటిదే మరో సంపుటాన్ని ఏ ఆసక్తీ లేనట్టు ఎడమచేత్తో తిప్పి ముప్పైకి తీసుకున్నాడు. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మొదటి అధ్యాయం అక్కడే చదివేశాను.