బానెట్ మీద రాళ్ల దెబ్బలు: మొత్తం పెయింట్ వేయించాలా?

ప్రశ్న: మా కారు ఎర్ర రంగుది, కొని మూడేళ్లయింది. ముందు వెళ్తున్న కంకర లారీ నుంచి రాళ్లు ఎగిరిపడి బానెట్ మీద ఆరేడు చోట్ల, బంపర్ మీద రెండు చోట్ల పెయింట్ పెచ్చులు లేచింది. బానెట్ మీది ఒక మచ్చ లోపల గోధుమ రంగు కనిపిస్తోంది. షెడ్డులో చూపిస్తే బానెట్ మొత్తానికి మళ్లీ రంగు వేయాలన్నారు. చూసినప్పుడల్లా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో చేసుకోగలమా?

– ఒక పాఠకురాలు

జవాబు: చేసుకోగలరమ్మా. బానెట్ మొత్తానికి మాత్రం అప్పుడే ఒప్పుకోకండి. ఇరవై ఏళ్లు స్ప్రే గన్ పట్టుకుని పనిచేసినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫ్యాక్టరీలో రంగును దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పటికి కారులో సీట్లు, ప్లాస్టిక్ సామాను ఏవీ బిగించరు కాబట్టి అంత వేడి పెట్టగలరు. షెడ్డులో బూత్, అంటే రంగు వేసి ఆరబెట్టే మూసిన గది ఉన్నా, వేడి 60 డిగ్రీల దగ్గర ఆపాల్సిందే. ఆవగింజంత మచ్చల కోసం అలా కాలిన అసలు రంగును గీకించడానికి నాకు మనసొప్పదు.

ముందు కారును షాంపూతో కడిగి, ఆరాక పగటి వెలుతురులో భూతద్దం పెట్టి ఒక్కో మచ్చనూ చూడండి. గుంట అంచు మెట్లు మెట్లుగా ఉంటుంది. పైన అద్దంలాంటి క్లియర్ కోట్, దాని కింద మీ ఎరుపు, ఆ కింద బూడిద రంగులోనో తెల్లగానో ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే అడుగు పూత. అన్నీ కలిపినా మందం 100 నుంచి 140 మైక్రాన్లే, అంటే ఇంచుమించు రెండు వెంట్రుకలంత. అడుగున ప్రైమర్ కనిపిస్తే కంగారు లేదు. రేకు మెరుస్తుంటే ఆలస్యం వద్దు. మీరన్న గోధుమ రంగు తుప్పే, దాని పని ఈ వారమే చూడండి. నా సొంత కారుకు అలాంటి మచ్చను ఒక వానాకాలమంతా వదిలేశాను. చుట్టూ పెయింట్ పొక్కులా ఉబ్బింది, గోరు పెడితే వేలిగోరంత పెచ్చు ఊడి చేతికొచ్చింది. తుప్పు పైకి కనిపించినంత మేరే ఉండదు, పెయింట్ కిందుగా పాకుతుంది.

దుకాణంలో ‘ఎరుపు’ అని అడిగి కొనకండి. డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీదో, బానెట్ కిందో ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులోని కలర్ కోడ్ చెప్పి టచప్ పెయింట్, ప్రైమర్, క్లియర్ కోట్ తీసుకోండి. మూడేళ్ల ఎండకు ఎరుపు కాస్త వెలిసి ఉండొచ్చు. అందుకని ఒక చుక్క తెల్ల అట్ట మీద వేసి, ఆరాక బానెట్ పక్కన పెట్టి పోల్చుకోండి.

తుప్పు ఉన్న మచ్చలో సూది మొనతో గోధుమ పొడి అంతా గీకేయండి. పెన్సిల్ వెనక్కు 1000 నంబరు వాటర్ పేపర్ (తడిసినా పాడవని గరుకు కాగితం) చిన్న ముక్క అంటించి, మెరిసే రేకు వచ్చేదాకా గుంటలోనే తిప్పండి. తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మచ్చలన్నీ తుడవండి. పాత పాలిష్ జిడ్డు మిగిలితే కొత్త రంగు పట్టదు. రేకు బయటపడిన చోట ప్రైమర్ పల్చగా ఒక చుక్క వేసి పూర్తిగా ఆరనివ్వండి.

ఇక రంగు. పని నీడలో చేయండి, రేకు చేతికి వేడిగా తగలకూడదు. సీసా బాగా ఊపండి. మూతకుండే బ్రష్‌ను పక్కన పెట్టేయండి, ఈ గుంటలకు అది మరీ లావు. టూత్‌పిక్ కొనకు గుండుసూది తలకాయంత రంగు తీసుకుని గుంట మధ్యలో తాకించండి, చాలు. రంగు తనంతట తానే అంచుల దాకా పరుచుకుంటుంది. ఆరాక చూస్తే మళ్లీ పల్లంగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులోని ద్రావకం ఆవిరైపోతుంది. ఒక్కసారే నింపేస్తే పైన తోలు కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి వేయండి. చివర క్లియర్ కోట్ ఒక చుక్క, చుట్టుపక్కల కంటే కాస్త ఉబ్బెత్తుగా.

కనీసం వారం ఆగాక, కావాలనుకుంటే ఆ ఉబ్బును 2000, 3000 నంబరు వాటర్ పేపర్లతో సబ్బునీళ్లు పోస్తూ చదును చేసి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుపు తేవచ్చు. అలవాటు లేకపోతే దీని జోలికి వెళ్లొద్దని నా మాట. చుట్టూ ఉన్న క్లియర్ కోట్ 50 మైక్రాన్ల లోపే ఉంటుంది. అది అరిగిందంటే మీరు నిజంగానే షెడ్డుకు వెళ్లాలి. చిన్న ఉబ్బు ఉన్నా రేకు భద్రంగానే ఉంటుంది. వ్యాక్స్ మాత్రం నెల దాకా వద్దు.

బంపర్ ప్లాస్టిక్, తుప్పు పట్టదు. తీరిక చూసుకుని చేయండి, రంగూ క్లియర్ కోటూ చాలు.

మీ ఎరుపు మెటాలిక్ అయితే టచప్ చుక్క ఒక కోణంలో కలిసిపోతుంది, ఇంకో కోణంలో కాస్త ముదురుగా కనిపిస్తుంది. అందులోని మెరుపు రేణువులు స్ప్రేలో పడినట్టు టూత్‌పిక్‌తో పడవు. నాలుగడుగుల దూరం నుంచి ఎవరికీ తెలియదు.

ఒక్కటి మాత్రం చూడండి. బానెట్ ఎత్తి, తుప్పు మచ్చకు దగ్గర్లో రేకు లోపలికి మడిచిన అంచు వెంట వేలు పోనివ్వండి. అక్కడ పొక్కులు తగిలితే తుప్పు మడత లోపల ఉన్నట్టు. దాన్ని టూత్‌పిక్ అందుకోలేదు, అప్పుడు షెడ్డువాళ్లు చెప్పినట్టే చేయించండి.